పాన్ రాసిచ్చిన పండ్ల డాక్టర్

భోజనం తర్వాత పాన్ నోట్లో పెట్టుకోగానే కాచు వగరు నాలుక మీదికి పాకింది. అలవాటు ప్రకారం అద్దం ముందు నిలబడి, రెండు రైళ్లు పట్టే సొరంగంలా నోరు తెరిచి, కుడివైపు కింది దవడలో చివరి పన్నును పరిశీలించాను. నాలుక ఎర్రగా ఉంది, పెదవులు ఎర్రగా ఉన్నాయి. పన్ను తొడుగు మీది అతుకు అంచు మాత్రం తెల్లగానే ఉంది. ఈ తనిఖీ నాకు నేర్పినవాడు గౌస్ డాక్టర్. లోకంలో దంతవైద్యులందరూ పాన్ మానమంటారు. తినమని చీటీ రాసిచ్చింది ఈయనొక్కడే.

తెలంగాణ రాష్ట్రం రావడానికి కొన్నేళ్ల ముందు మాట. నేను గోదావరిఖనిలో మైనింగ్ సర్దార్‌ను. బొగ్గు తీసేసిన జాగాల్లోకి గాలి చొరబడితే లోపల నిప్పు పుడుతుంది కాబట్టి, ఆ దారులకు అడ్డంగా గోడలు కట్టించి మూయించడం నా పని. నా ఎడమవైపు నమిలే పళ్లు అప్పటికే స్వచ్ఛంద పదవీ విరమణ చేశాయి. కుడివైపు మిగిలిన ఏకైక వీరుడు, క్యాప్ తొడిగించుకున్న ఈ పన్ను. దాని వేళ్లలో చీము పట్టి, దవడలో మూడు షిఫ్టులూ బ్లాస్టింగ్ నడుస్తున్న రోజుల్లో చౌరస్తా వెనక గౌస్ డాక్టర్ దగ్గరికి పోయాను. ఆయన నవ్వడం నేను చూడలేదు, చూశామన్నవాళ్లను నమ్మలేదు.

ఆయన తొడుగును ఊడదీయలేదు. దాని నడినెత్తిన చిన్న రంధ్రం చేసి, లోపలి వేళ్లు శుభ్రం చేశాడు. ఆ రంధ్రాన్ని కాంపోజిట్ అనే తెల్లటి ముద్దతో పూడుస్తానన్నాడు.

"గట్టిగుంటదా డాక్టర్ సాబ్?" అన్నాను.

"ముద్ద గట్టిదే. అతుకు మీదనే ఫికర్. మీ గోడ ఎక్కడ కారుతది సర్దార్ సాబ్?"

"ఇటుకల నడుమ కారది. గోడ బొగ్గును తాకేకాడ గాలి కారుతది. అందుకే పక్కలు చెక్కి, గోడను లోపటికి దింపుతం."

"ఇక్కడ గూడ గంతే. తొడుగు నున్నగుంటది, ముద్దను పట్టుకోదు. అంచు గీకాలె, ఆరబెట్టాలె, పలచగ పొరలు పొరలుగ వెయ్యాలె. నీలి లైటు పడితే ముద్ద గట్టిపడుకుంట జరంత ముడుచుకుంటది. గప్పుడు సందు పడ్తది. సందుల ఉమ్మి దిగిందా, ఇగ పీకుడే."

పీకుడే అనగానే, మటన్‌ను వాసనతో సరిపెట్టుకునే నా మిగతా జీవితమంతా కళ్లముందు ఊరేగింపుగా పోయింది. నోరు తెరిచాను.

ఆఖరి పొరకు నీలి లైటు పెట్టగానే కరెంటు పోయింది. కిటికీలోంచి విద్యుత్ కేంద్రం పొగగొట్టాలు కనబడుతూనే ఉన్నాయి. మా బొగ్గుతో ఊళ్లూ నగరాలూ వెలుగుతున్నాయి గానీ, ఆ వెలుగు నా నోటిదాకా రాలేదు. కరెంటు వచ్చాక డాక్టర్ పని ముగించాడు, ముఖం మాత్రం తేటపడలేదు. చీటీ మీద రాశాడు: వారం దినాలు పాన్. జర్దా వద్దు. తిన్నంక రావాలె.

"పండ్ల డాక్టర్ రాసిండా, నువ్వే రాపిచ్చుకున్నవా?" అంది నా భార్య.

వారం తర్వాత ఆయన భూతద్దం పెట్టి చూసి, నా చేతికి చిన్న అద్దమిచ్చాడు. అతుకు అంచున ఒకవైపు, పాన్ ఎరుపు సందులోకి దిగి, వెంట్రుకంత ఎర్ర గీత.

"నొప్పయితే లేదు సాబ్, నడువనియ్యుండ్రి," అన్నాను.

బయట బెంచీ నిండా జనం ఉన్నారు. వాళ్లందరికీ వినబడేలా ఆయన అన్నాడు: "నా పని కారుతున్నది. తీసి మల్ల చేస్త."

బెంచీ చివర బుగ్గ వాచినాయన లేచి, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. డాక్టర్ అది చూశాడు. చూసి, డ్రిల్లు అందుకున్నాడు.

"గిట్ల అందరి ముందల అంటే బేరం పోతది సాబ్."

"పోనీ. నీ పన్ను ఉండాలె గద. నోరు తెరువు."

మా దగ్గర ఎవరి గోడా కారదు. కారితే బొగ్గుది తప్పు, ఇటుకది తప్పు, ముందటి షిఫ్టు వాడిది తప్పు. నా పని కారుతున్నది అనే వాక్యాన్ని నేను మొదటిసారి విన్నది ఆ కుర్చీలో, నోట్లో దూది కుక్కుకుని.

ఆ నెలలోనే నేను కట్టించిన ఒక గోడను పెద్దసార్లు వచ్చి చూసి, తలలూపి పోయారు. నా నాలుక ఊరికే పన్ను అంచును తడుముతోంది. గనిలో చల్లే రాతిపొడి చిటికెడు తీసి, గోడ అంచుల వెంట వదులుతూ పోయాను. పైమూలకు రాగానే పొడి కిందికి రాలలేదు, గాలి లాగినట్టు సన్నని దారంలా గోడ వెనక్కి పోయింది.

"కాక, నా గోడ కారుతున్నది. చెక్కుదాం," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

గోడ కట్టిన ముసలి రాజయ్య కాక తట్ట కింద పడేశాడు. "సార్లు మంచిగున్నదని పోయిండ్రు. నీ పన్నునొప్పి గోడకెందుకు అంటిస్తవ్‌రా?"

షిఫ్టు అంతా నా ఏడు తరాలనూ తిడుతూనే మూలను చెక్కి, మళ్లీ కట్టారు. కట్టకపోతే వెనక నిప్పు పుట్టేదా అంటే, నాకు తెలియదు. పుట్టలేదు. అంతవరకే తెలుసు.

గౌస్ డాక్టర్ చనిపోయి చాలా కాలమైంది. రెండో అతుకునూ ఆయన ఖాయమని అనలేదు. "అప్పుడప్పుడు పాన్ తిని చూసుకో," అన్నాడు.

"ఇంకెంతసేపు అద్దం ముందల?" అని నా భార్య వంటింట్లోంచి అరిచింది.

"కారుతున్నదేమో చూస్తున్న."

"కారుతున్నదా?"

"ఇయ్యాలయితే లేదు."

రేపు మొదటి షిఫ్టు. నోరు పుక్కిలించి వచ్చి, సంచిలో టిఫిన్ డబ్బా పక్కన రాతిపొడి పొట్లం ఉందో లేదో చూసుకున్నాను.