రెండు గంటల హాజరు లోపు ఒక స్త్రీ విముక్తి సభ

అమెరికా నుంచి ఒక నల్లజాతి స్త్రీవాది బెంగళూరు వస్తున్నారనీ, ఆమె ప్రసంగాన్ని తెలుగులో చెప్పాలనీ నాకు కబురొచ్చింది. 2004 ప్రాంతం. ఎవరి కోసం తెలుగు అని నిర్వాహకులను అడిగాను. ప్రపంచ స్త్రీల విముక్తి మీద సభ, హాలు నిండా ఇంగ్లీషు వచ్చినవాళ్లే! కొట్లాడాను. బెంగళూరు అవతల హొసకోటె దగ్గర ఇటుకలు మోసే తెలుగు కూలీ ఓబులమ్మను నేనే తీసుకొస్తానన్నాను.

సభ రోజు కుప్పంలో తెల్లవారుజామున రైలెక్కి కె.ఆర్.పురంలో దిగితే, అక్కడి నుంచి పాత మద్రాసు రోడ్డు మీద హొసకోటెకు బస్సులో ముప్పావుగంట. సైటులో మేస్త్రీ అసలు షరతు అప్పుడు చెప్పాడు. అక్కడ మొగుడూ పెళ్లాలను జతగా పెట్టుకుంటారు, హాజరు కూడా జతకే. "మధ్యాన్నం రెండింటికి పేర్లు పిలుస్తా. ఒకరు లేకుంటే ఇద్దరూ లేనట్లే. రేపు వేరే జత వస్తాది."

"పోయిరా, మీటింగులో గురక పెట్టొద్దు," అన్నాడు ఓబులమ్మ భర్త నాగప్ప.

కె.ఆర్.పురం వంతెన దగ్గర ట్రాఫిక్‌లో బస్సు ఆగిపోయింది. "ఇంకెంతసేపప్పా?" అంటే, "వంతెననే అడగల్ల మేడమ్," అన్నాడు కండక్టరు. నేను గడియారం చూస్తూనే ఉన్నాను.

"మేస్త్రీనడిగినావు, మా ఆయన్నడిగినావు. నన్నెవరడిగినారక్కా?" అంది ఓబులమ్మ.

ఆడవాళ్లు ఎవరి అనుమతీ అడగక్కర్లేదని ఇరవై ఏళ్లుగా రాస్తున్నదాన్ని. "దిగిపోదామా?" అన్నాను.

"ఇంత దూరమొచ్చి ఆయమ్మను చూడకుండానా?"

హాలు చేరేసరికి పదకొండున్నర. దీపం, దండలు, స్వాగతం అయ్యేసరికి పన్నెండుంబావు. "మా అమ్మ తెల్లవాళ్ల ఇళ్లలో పిల్లల్ని చూసే పని చేసింది," అంది అతిథి. "జాతి, పేదరికం, మగపెత్తనం కలిసే ఆమె నడుం విరిచాయి. ఇంకో దేశపు ఆడదాని వీపెక్కి ఏ ఆడదీ విముక్తి పొందలేదు." నేను తెలుగులో చెబుతుండగానే ఓబులమ్మ లేచింది.

"మీయమ్మ వాళ్ల బిడ్డల్ని చూసుకుంటాంటే మిమ్మల్నెవరు చూసుకున్నారమ్మా?"

ప్రశ్నలు చీటీ మీద రాసివ్వాలంది నిర్వాహకురాలు. "ఆమెకు రాయడం రాదు, ఆగే టైమూ లేదు!" అని అరిచి, ప్రశ్నను ఇంగ్లీషులో చెప్పేశాను.

అతిథి కాగితాలు పక్కన పెట్టింది. "మా అక్క. తొమ్మిదేళ్లది. బడి మానేసింది."

"మా పెద్దదీ అంతే. చిన్నోణ్ణి ఎత్తుకోని ఇసక కుప్ప కాడ ఉండాది." ఓబులమ్మ నా వైపు తిరిగింది. "సరిగ్గా చెప్పక్కా."

ఆటోలో పరుగెత్తినా సైటు చేరేసరికి రెండుంబావయింది. పేర్లు పిలవడం అయిపోయింది. మేస్త్రీతో నేను పెట్టుకున్న గొడవ దేనికీ పనికిరాలేదు. సిమెంటు మూటల మీద కూర్చున్న నాగప్ప, "పనిపాయె. అంతదూరం పోయి ఏమడిగినావు?" అన్నాడు. ఓబులమ్మ తన ప్రశ్న చెప్పింది. అతను లేచి ఇసుక కుప్ప దగ్గరికి వెళ్లి, కూతురి చంకలోంచి పిల్లవాణ్ణి తీసుకున్నాడు.

వాళ్లకు మారతహళ్ళి వైపు మళ్లీ పని దొరకడానికి వారం పట్టింది. ఆ వారం కూలీ పోవడం నా తప్పే, సభ తప్పు కాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఖండాలు దాటే సిద్ధాంతం మనది, హొసకోటె దాకా మాత్రం చేరలేదు. ఇలాంటి సభ పెట్టేవాళ్లకు ఒకటే సలహా: కూలీలను హాలుకు రప్పించకండి, సెలవు రోజు చూసుకుని వక్తనే హొసకోటె బస్సెక్కించండి. దండలు అక్కర్లేదు.