ఫిరంగి కింద గుంజలు

కొత్తపేట పండ్ల మార్కెట్ తరలిపోయిన మరుసటి ఏడాది, వానలు మొదలయ్యాక, ఎల్బీనగర్ అవతల ఒక రేకుల షెడ్డులో ఆర్ట్ అసిస్టెంట్‌గా చేరాను. సినిమా సెట్లు వేసే కంపెనీ అది. ఇంటర్ తప్పినదాన్ని. అయినా బొమ్మ చూసి బొమ్మ గీయడం వచ్చు, ఆ పనికి అది చాలు. రెండేళ్లు చేసి మానేశాను. కారణం ఒక జపాన్ ఓడ.

యుద్ధం సినిమా. ఆ ఓడ నిజంగా ఉండేదట, మొదట సరుకులు మోసేదట. యుద్ధం రాగానే నేవీ వాళ్లు తీసుకుని, బూడిద రంగు పూసి, డెక్ మీద ఫిరంగులు బిగించారు. చివరికి టార్పెడో తగిలి మునిగింది. దాని ప్లాన్లు నా చేతికిచ్చారు. కెమెరాకు కనిపించేదానికి టిక్కు, కనిపించనిదానికి ఎర్ర గీత పెట్టడం నా పని. ఎర్ర గీత పడినదాన్ని కట్టరు.

ప్లాన్‌లో ప్రతి ఫిరంగి కిందా లావు గుంజలున్నాయి. సరుకుల ఓడ డెక్కు ఆ బరువు ఆపదని తర్వాత పెట్టించినవి. ఆర్ట్ డైరెక్టర్ గారిని అడిగాను. ఆయనది భీమవరం.

"కెమెరా డెక్ కిందకి వెళ్తుందేంటమ్మాయ్? కొట్టెయ్."

కొట్టేశాను.

సెట్ లేచాక సినిమా డైరెక్టర్‌కు ఫిరంగి తిరగాలనిపించింది. ప్లైవుడ్ ఫిరంగి లోపల, అది తిరిగేందుకు, బరువైన ఇనుప చట్రం దించారు. మా వడ్రంగి యాదయ్య, నల్లగొండ వైపు మనిషి, డెక్కును కాలితో తొక్కి చూశాడు.

"గిది ఊగుతుంది బిడ్డా. కింద ఏం లేదా?"

"ప్లాన్ల గుంజలుండె కాకా. సారు వద్దన్నడు."

"జపానోళ్లు పనిలేక పెట్టిన్రా మరి? సారుకు మల్లొక్కసారి జెప్పు జర."

మరునాడు షూటింగ్. మళ్లీ అడిగితే సారు అందరిముందూ కసురుతారని చెప్పలేదు.

పొద్దున బోల్టులు బిగించడానికి నలుగురు ఎక్కారు. డెక్ కూలింది. ముగ్గురు దూకేశారు. యాదయ్య కాలు చట్రం కింద పడింది. దవాఖానలో మోకాలి కింది నుంచి కాలు తీసేశారు.

కంపెనీ ఆ ప్లాన్ తెప్పించింది. ఎర్ర గీత నాది, పక్కన పొట్టి సంతకం నాది. సారు నోటిమాట దాని మీద ఎక్కడా లేదు. "గీత ఎవరిదో చూడండి మరి," అన్నారాయన, నా మొహం చూడకుండా. అసిస్టెంట్ పొరపాటని రాసుకున్నారు.

దవాఖానకు పోతే యాదయ్య ఒక్కటే అడిగాడు. "సారుకు మల్ల జెప్పినవా, బిడ్డా?"

"లేదు కాకా."

గోడవైపు తిరిగాడు.

సెట్ మళ్లీ వేశారు, ఈసారి గుంజలతో. సినిమాలో ఫిరంగి రెండుసార్లు తిరుగుతుంది.

ఈ లైనులోకి వచ్చే పిల్లలు, ఎర్ర గీత పెట్టేముందు దాని మీద ఎవరు నిలబడతారో అడగాలి. కొట్టెయ్ అన్నవాళ్ల చేతే సంతకం పెట్టించుకోవాలి. నేను రెండూ చేయలేదు.