బాపు చెప్పిన సాక్ష్యం

మా ఇంట్లో దేవుడు ఒక్కడా, ముగ్గురా అనే పంచాయితీ ఆరేళ్లు నడిచింది. వినేవాళ్లకు నవ్వొచ్చే మాటే. ఆ ఆరేళ్లలో మేం నవ్వింది మాత్రం తక్కువ.

బాపు నందికొండలో కాల్వ మీద లష్కరుగా చేసి రిటైరయ్యాడు. తూముల దగ్గర కాపలా, గేట్లు ఎత్తడం, దించడం ఆయన పని. అమ్మా ఆయనా పెళ్లికి ముందే మా పాత మిషన్ చర్చిలో తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ నామంలో బాప్తిస్మం తీసుకున్నవాళ్లు. తెలంగాణ వచ్చిన మరుసటేడు బాపు నడుం పట్టేసి మంచాన పడ్డాడు. బజార్లో కిరాయికి తీసుకున్న షెట్టర్ కొట్లో కూడిక నడిపే ఒక పాస్టరు నెల రోజులు ఇంటికొచ్చి ప్రార్థన చేశాడు. బాపు లేచి నడిచాడు. మాత్రలు కూడా మింగావు కదా అని నేను గుర్తు చేస్తే మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

ఆ కూడిక వాళ్ల నమ్మకం వేరు. దేవుడు ఒక్కడే, ఆయన పేరు యేసు. తండ్రి, కుమారుడు, ఆత్మ అనేవి ఆ ఒక్కడికే ఉన్న పిలుపులు గానీ ముగ్గురు లేరు. అందుకని యేసు నామంలో మునగకపోతే అది బాప్తిస్మమే కాదంటారు. బాపు మళ్లీ మునిగాడు, తను ముప్పై ఏళ్లు కాపలా కాసిన కాల్వలోనే. అమ్మ గట్టు మీద నిలబడి చూసింది. దిగలేదు.

అప్పటినుంచి సాయంత్రం ప్రార్థన చివర బాపు "యేసు నామమున" అని ఆపేసేవాడు. అమ్మ ఊరుకునేదా? "తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామమున" అని గొంతు పెంచి చెప్పి మరీ ఆమెన్ అనేది. నేను పాలమూరులో టీచర్ని, పిల్లలకు లెక్కలు చెప్తాను. సెలవులకు ఇంటికొచ్చినప్పుడు ఈ ఒకటీ మూడుల గొడవ మొదలు కాగానే వంటింట్లోకి పోయేదాన్ని. బాపు మీద నాకు ఒళ్లు మండేది. ఈ వయసులో పెళ్లాం మీద గెలిచి ఏం కట్టుకుపోతాడు అనుకునేదాన్ని.

ఆరో ఏడు అమ్మ గుండె బలహీనపడింది. నేనుండే పాలమూరులోనే దవాఖానలో చూపిస్తే డాక్టరమ్మ నన్నూ బాపునూ బయటికి పిలిచి, ఇంకో ఎండాకాలం చూడడం కష్టమంది. వార్డు బయట బెంచీ మీద బాపు తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు.

"మీ అమ్మ గిట్లనే పోతే నాకు మళ్ల దొరకదు బిడ్డా."

ఏం మాట అది అని కసురుకోబోయి ఆగిపోయాను. ఈయన గెలవడానికి కొట్లాడడం లేదు, భయపడుతున్నాడు. చచ్చాక అమ్మ ఒక దిక్కు, తనొక దిక్కు అయిపోతామని నిజంగా నమ్ముతున్నాడు. ఆరేళ్లూ నాకు ఆ సంగతి తట్టనందుకు సిగ్గేసింది.

ఇంటికొచ్చాక బాపు రోజూ అమ్మను అడిగేవాడు, యేసు నామంలో ఒక్కసారి మునుగు అని. అమ్మ జవాబు ఎప్పుడూ ఒక్కటే. "చిన్నప్పుడు ముగ్గురి పేరు మీద మునిగిన. గిప్పుడు గా పేర్లు ఉత్తయే అనాల్నా? నాతోని కాదు."

ఒకరోజు పొద్దున మాత్రం తనే అంది. "సరే, తీస్కపో. నీ ఏడుపు సూడలేక వస్తున్న."

కాల్వకు నీళ్లు వదిలిన రోజులవి. ఆటోలో తీసుకెళ్లి గట్టు మీద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టాం. పాస్టరు నీళ్లలో దిగబోతూ అడగాల్సింది అడిగాడు. "అమ్మా, దేవుడు ఒక్కడేనని, ఆయన పేరు యేసేనని నమ్ముతున్నవా?"

"నా నమ్మకం నాకుంది అయ్యగారూ. ఈయన కోసం వచ్చిన. ముంచుండ్రి."

పాస్టరు నీళ్లలో పెట్టబోయిన కాలు వెనక్కి తీసుకున్నాడు. "భర్త కోసం మునిగితే తానం అయితది గని బాప్తిస్మం కాదమ్మా" అన్నాడు. బాపు ఆయన చేతులు పట్టుకుని బతిమాలాడు. "నా చేతుల లేదు పెద్దాయనా" అని ఆయనా కళ్లు తుడుచుకున్నాడు. ఆయన్ని చూస్తేనే చిరాకుపడేదాన్ని, ఆ రోజు గౌరవం కలిగింది. చూసీ చూడనట్టు ముంచేసి బాపు ముందు మంచివాడు అనిపించుకోవచ్చు. అబద్ధం ఆడలేకపోయాడు.

రెండు నెలలకు అమ్మ పోయింది. పాత చర్చి వాళ్లు తమ సమాధుల తోటలో పూడ్చారు. ఆ చర్చి అయ్యగారు ముగ్గురి పేర్లు చెప్పి మట్టి వేశాడు. బాపు తన వంతు మట్టి వేసి పక్కకు జరిగాడు.

ఆ వచ్చిన ఆదివారం ఆయన్ని ఒంటరిగా పంపలేక నేనూ కూడికకు వెళ్లాను. పాటలయ్యాక సాక్ష్యాలు చెప్పే సమయం. దేవుడు తమకు చేసిన మేలు ఒక్కొక్కరూ లేచి చెబుతారు, అది ముగియగానే మిగతావాళ్లంతా "దేవునికి స్తోత్రం" అంటారు. బాపు లేచాడు.

"నా నమ్మకం మారలే. దేవుడు ఒక్కడే, ఆయన పేరు యేసే. నా ఇంటామె గా పేరు మీద మునగలే. మీరనేది, నేననేది నిజమైతే ఆమెకు తలుపు తియ్యరు. తియ్యకుంటే నేను గూడ లోపలికి పోను. ఆమెతోని బయటనే ఉంట. గీ మాట దేవునికి చెప్పిన, మీకు గూడ చెప్తున్న."

ఎవరూ స్తోత్రం అనలేదు. పాస్టరు తల వంచుకున్నాడు. బాపు మాత్రం కూర్చోలేదు. ఆ ఒక్క మాట వినిపించేదాకా సాక్ష్యం ముగియదని ఆయన లెక్క. చేతులు కట్టుకుని అట్లాగే నిలబడ్డాడు.

ఆడవాళ్ల వైపు చివరి చాప మీద ఉన్నాను నేను. ఆ షెట్టర్‌లో అప్పటిదాకా నోరు విప్పినదాన్ని కాదు. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది.

"దేవునికి స్తోత్రం."

అప్పుడు కూర్చున్నాడు.