బ్యారన్ తలుపు

నా పేరు చెప్పను. చెబితే ఆత్మకూరులో సగం మంది గుర్తుపడతారు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. ఈ మాట చెప్పుకోవడానికి ఇలా ఉండటమే మంచిది. ఎన్నో ఏళ్లుగా ఒక అబద్ధాన్ని గుండెల మీద పెట్టుకుని పడుకుంటున్నాను. మొదట్లో దాని బరువు తెలియలేదు. ఈ మధ్య ఊపిరి ఆడనివ్వడం లేదు. ఇన్నాళ్లు లేనిది ఇప్పుడెందుకు అని అడుగుతారేమో. చెబుతాను. విన్నాక నా మీద మీకు జాలి పుట్టదు, పుట్టకూడదు కూడా.

మాది దుత్తలూరు వైపు రైతు కుటుంబం. మెట్ట పొలం, పొగాకు, ఆకు కాల్చే రెండు బ్యారన్లు. నేను సైన్యంలో చేరి అక్కడ బాక్సింగ్ నేర్చుకున్నాను. బాగానే ఆడేవాణ్ణి. బాగానే అంటే, నా పైన ఎప్పుడూ ఇంకొకడు ఉండేంత బాగా. రిటైరై వచ్చాక ఆత్మకూరులో మూతపడ్డ రైసు మిల్లు గోడౌను అద్దెకు తీసుకుని జిమ్ పెట్టాను. గోనె సంచుల్లో ఊక, పాత బట్టలు కూరి వేలాడదీశాను. కుర్రాళ్లు పోలీసు సెలెక్షన్లు అయ్యేదాకా వచ్చి, తర్వాత కనపడేవాళ్లు కాదు. చివరికి నిలిచినవాడు ఏలియా ఒక్కడే.

ఏలియాది ఉదయగిరి పక్క పల్లె. తండ్రి తాగి తాగి చనిపోయాడు. తల్లి సుందరమ్మ కూలి చేసి పెంచింది. పొగాకు కాలంలో మా పొలానికి కూడా వచ్చేది. వాళ్లది బాప్టిస్టు సంఘం. ఆదివారం వస్తే ఆమె ఏ పనికీ వచ్చేది కాదు. సారా వాసన తగిలితే చాలు, ముఖాన కొంగు కప్పుకుని పక్కకు జరిగేది. ఎప్పుడూ తాగనని కొడుకుతో బైబిల్ మీద ప్రమాణం చేయించుకుందని తర్వాత తెలిసింది.

వాడు రోజూ తెల్లారేసరికి ఉదయగిరి కొండ ఎక్కి దిగేవాడు. ఎడమచేతి దెబ్బ ఎక్కడి నుంచి వస్తుందో బయట నిలబడి చూసే నాకే తెలిసేది కాదు. రాష్ట్రం మెడల్ వచ్చింది. ప్రొఫెషనల్‌గా మారి మిడిల్‌వెయిట్‌లో దిగాడు. బెంగుళూరులో గెలిచాడు, మద్రాసులో గెలిచాడు. ఆత్మకూరు బస్టాండు దగ్గర ఫ్లెక్సీ కట్టారు. అందులో వాడికంటే పక్కనున్న నాయకుడి ముఖమే పెద్దది, అది వేరే సంగతి. తర్వాత పాయింట్ల మీద ఒక ఆట పోయింది. కనుబొమ చిట్లి ఇంకొకటి పోయింది. ఆ ఫ్లెక్సీ ఎవరి మేకల కొట్టం మీదకో చేరింది. వాడు మద్రాసు వెళ్లి సెంట్రింగు పనిలో కుదిరాడు. ఇక రాడనుకున్నాను. వచ్చాడు. భుజాలు పెరిగి, మాట తగ్గి వచ్చాడు. మళ్లీ గెలవడం మొదలుపెట్టాడు. అప్పుడొచ్చింది బెల్టు ఆట, గెలిచినవాడికి ఛాంపియన్ బెల్టు కట్టే ఆట.

ఇక్కడికి వచ్చేసరికి నా చెయ్యి ఆగుతోంది.

మిడిల్‌వెయిట్ అంటే డెబ్బై రెండున్నర కిలోలు దాటకూడదు. ఆటకు ముందురోజు తూస్తారు. ఏలియా ఒళ్లు ఆ కొలతను దాటి ఎదిగిపోయింది. "పై వెయిట్‌లో ఆడతానన్నా, ఈ ఒళ్లు ఇంక దిగదు" అని నోరు తెరిచి అడిగాడు. నేను ఒప్పుకోలేదు. పై వెయిట్‌లో బెల్టు ఆట రావాలంటే ఇంకా చాలా కాలం పడుతుంది అన్నాను. అది నిజమే. కానీ ఆ తొందర ఎవరిది? వాడికి వయసుంది. నాకు లేదు. బెల్టు వాడి నడుముకే కట్టినా, చూసే కళ్లన్నీ నా మీద ఉంటాయని ఎన్నిసార్లు ఊహించుకున్నానో.

పొగాకు బ్యారన్ చూడని వాళ్లకు చెబుతాను. కిటికీలు లేని ఎత్తయిన గది. నేల మీద ఇనుప గొట్టాలు. బయట పొయ్యిలో కట్టెలు మండిస్తే ఆ వేడి గొట్టాల్లో తిరిగి పచ్చాకును బంగారు రంగుకు తెస్తుంది. వేడి పోకుండా తలుపు బిగించి బయట గడియ పెడతాం. లోపల గడియ ఉండదు. లోపల మనిషి ఉంటాడని కట్టినవాళ్లు ఎవరూ అనుకోరు కదా.

ఆకు దించేశాక కూడా ఆ గది చాలాసేపు కాగుతూనే ఉంటుంది. బరువు దించడానికి నీళ్లు మానేసి చెమట పట్టించడం మా ఆటలో మామూలే. పట్నాల్లో దానికి ఆవిరి గదులున్నాయి. మాకు బ్యారన్ ఉంది. ఇదంతా నా తెలివే అని మురిసిపోయాను. అంతకుముందు ఆటలకు కూడా వాణ్ణి అందులోనే కూర్చోబెట్టాను. మొదటిసారి వాడే అన్నాడు, "నేనరిచినా తియ్యొద్దన్నా, నువ్వు జాలిపడితే నా బరువు దిగదు" అని. ప్రతిసారీ అరిచేవాడు, నన్ను తిట్టేవాడు, చర్చి పాటలు ఎత్తుకునేవాడు. బయటికొచ్చాక నవ్వేవాడు. అందుకే వాడి అరుపులకు నేను అలవాటు పడిపోయాను.

ఆ రోజు రాత్రికి మద్రాసులో తూకం. మధ్యాహ్నానికి కూడా వాడి బరువు దిగలేదు. గదిలో మిగిలిన వేడి చాలదనిపించింది. పొయ్యిలో మళ్లీ కట్టెలు వేశాను. ఈ వాక్యం రాయాలా వద్దా అని చాలాసేపు కూర్చున్నాను. వేశాను. నా చేతులతోనే వేశాను.

"చాలన్నా, తియ్యి" అన్నాడు లోపల నుంచి.

"ఇంకొంచెం సేపురా" అన్నాను.

పాట ఎత్తుకున్నాడు. చరణం మధ్యలో ఆగిపోయింది. అప్పుడే నా ఫోను మోగింది. ఆట జరిపించే ఆయన. మీవాడి బరువు సరిపోతుందా అని అడిగాడు. భేషుగ్గా ఉంది సార్ అంటున్నాను. తలుపు మీద చప్పుడైంది. ఎప్పుడూ కొట్టినట్టు పిడికిలితో, పైన కాదు. కింద. నేల దగ్గర. అరచేత్తో తట్టినట్టు, మెల్లగా. నిలబడిన మనిషి కొట్టే చప్పుడు కాదది. నాకు తెలిసింది. ఆ క్షణంలోనే తెలిసింది. తెలిసి ఏం చేశాను? ఆ చప్పుడు ఫోనులో వినపడుతుందేమోనని కట్టెల మోపు దాకా నడిచి వెళ్లి మిగతా మాటలు మాట్లాడాను.

తిరిగొచ్చేసరికి చప్పుడు లేదు. తలుపు తీస్తే వాడి చెయ్యి బయటికి పడింది.

నీళ్లు చల్లాను. కళ్లు తెరిచాడు. "ఇది ఏ ఊరన్నా?" అని అడిగాడు. వాళ్లమ్మ పొగాకు కట్టిన చోటు, వాడు చిన్నప్పటి నుంచీ ఎరిగిన చోటు. అక్కడితో ఆపేయాల్సింది. ఆపలేదు. గొంతు తడిపి, కారెక్కించి మద్రాసు తీసుకెళ్లాను. తూకం సరిపోయింది. తల తిరగడం గానీ, తలనొప్పి గానీ ఉన్నాయా అని అక్కడి డాక్టరు వాణ్ణి అడిగాడు. ఏం లేదు సార్ అని నేను జవాబిచ్చాను. మర్నాడు రింగులో వాడి కాళ్లు వాడివి కావు. పెద్ద దెబ్బ కూడా కాదు, తేలిగ్గా తప్పించుకోవలసిన దెబ్బకు పడిపోయాడు. అమ్ముడుపోయాడని జనం కేకలు వేశారు. వాడు లేవలేదు.

తలలో రక్తం గడ్డకట్టిందన్నారు. ఆపరేషన్ చేశారు. ఒంట్లో నీరు ఇంతలా ఇంకిపోయిందేంటి, ఏం చేశారు ఇతన్ని అని ఆసుపత్రి డాక్టరు నన్ను నిలదీశాడు. బ్యారన్ సంగతి నాలుక దాకా వచ్చింది. కేసవుతుందని భయం. పరువు భయం అంతకంటే ఎక్కువ. అప్పుడు నా నోట ఒక మాట వచ్చింది. ముందు రోజు తాగాడు సార్, నాకు తెలియకుండా బాగా తాగాడు. అంత సులువుగా ఎలా వచ్చిందో ఆ మాట! తాగుబోతు కొడుకు తాగాడంటే ఎవరు కాదంటారు? తండ్రి చావును కొడుకు మీదకు మళ్లించాను, అంతే.

వెనక్కి తిరిగితే సుందరమ్మ నిలబడి ఉంది.

"వీడు కూడానా అబ్బాయా?" అంది. ఆ ఒక్క ముక్కే. ఏడవలేదు. కొంగు ముఖం మీదకు లాక్కుంది. సారా వాసన తగిలినప్పుడు చేసినట్టే. నేను తల దించుకున్నాను. ఆమె దాన్ని అవునని అర్థం చేసుకుంది. అలా అర్థం చేసుకోవాలనే దించుకున్నాను.

ఏలియా బతికాడు. ఎడమ చెయ్యి మాత్రం చచ్చుబడింది, అదే చెయ్యి. ఆ చివరి రోజులు బుర్రలో నుంచి పూర్తిగా చెరిగిపోయాయి. తాగావు అని అందరూ అంటే నమ్మాడు. అన్న చెప్పాడు కదా, అన్న అబద్ధం చెప్పడు కదా. వాళ్ల సంఘంలో ఒక కట్టుబాటు ఉంది. తాగినవాడికి ప్రభువు బల్ల ఇవ్వరు. రొట్టె, ద్రాక్షరసం పంచేటప్పుడు వెనక బెంచీలో ఖాళీ చేతులతో కూర్చోవాలి. తర్వాత ఒక ఆదివారం లేచి నిలబడి, అందరి ముందూ తప్పు ఒప్పుకోవాలి. ఆ ఆదివారం వాణ్ణి కారులో తీసుకెళ్లింది నేనే. కర్ర ఊతంగా నిలబడి, నత్తిపడుతూ, చేయని పాపాన్ని వాడు ఒప్పుకున్నాడు. తల్లికిచ్చిన మాట తప్పానని ఏడ్చాడు. నేను తేలు కుట్టిన దొంగలా వెనక బెంచీలో కూర్చున్నాను. అప్పుడు లేచి నిలబడవలసింది ఎవరు? కాళ్లున్నాయి. నోరుంది. లేవలేదు.

సంఘం క్షమించింది. తల్లి కూడా క్షమించానంది. కానీ ఆమె వాడితో మునుపటిలా మాట్లాడింది లేదు. అలాగే పోయింది. కొడుకు తాగుబోతని నమ్మే పోయింది. ఇప్పుడు నేను ఏ సమాధి దగ్గరికెళ్లి అరిస్తే ఆమెకు వినపడుతుంది? చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?

వాణ్ణి జిమ్‌లోనే పనికి పెట్టుకున్నాను. ఊడుస్తాడు, సంచులు కుడతాడు, తాళాలు చూసుకుంటాడు. తనను ముంచినవాణ్ణి కూడా ఒడ్డున కూర్చోబెట్టి అన్నం పెడుతున్నాడు, దేవుడిలాంటి మనిషి అని ఊళ్లో నన్ను మెచ్చుకుంటారు. నేను కాదనలేదు. అవును, అది కూడా రాసుకోండి.

ఇప్పుడెందుకు అన్నారు కదా. పోయిన వారం జరిగింది. మా వైపు బ్యారన్లు మండే కాలం. దారిలో వచ్చేటప్పుడు నా చొక్కాకు ఆ వాసన పట్టుకున్నట్టుంది. ఏలియా టీ గ్లాసు అందించబోయి ఆగిపోయాడు. నా భుజం దగ్గర వాసన చూశాడు.

"అన్నా, ఈ వాసన నాకు కలలో వస్తా ఉండాది."

"ఏం కలరా?"

"చీకటన్నా. కింద కాలతా ఉండాది. నేను తలుపు కొడతా ఉంటా. ఎవురూ తియ్యరు. అవతల ఎవురో మాట్లాడతా ఉంటారు, ఆ గొంతు నాకు తెలిసిందే, కానీ ఎవురిదో తట్టదు. ఏందన్నా అది?"

వాడి చేతిలోంచి గ్లాసు అందుకుని రెండు గుక్కల్లో తాగేశాను.

"మీయమ్మతో చిన్నప్పుడు మా బ్యారన్ల కాడికి వచ్చినావు కదరా. ఆ గుర్తులే."

"అంతేనంటావా?"

"అంతే."

వాడు ఖాళీ గ్లాసు తీసుకున్నాడు. "నాకొక్కటి చెప్పన్నా. ఆ రోజు నేను యాడ తాగినా? ఎవురితో తాగినా? ఎంత తలకాయ బద్దలు కొట్టుకున్నా నోట్లో ఆ రుచే గుర్తు రాడంలా."

"జరిగిందేదో జరిగిపోయిందిలేరా" అన్నాను.

"అంతేలే. నువ్వు పక్కన ఉండినావు కాబట్టి సరిపోయింది. లేకుంటే నేనెవుర్ని అడగాల?" అని నవ్వి గ్లాసు కడగడానికి పోయాడు.

అప్పటి నుంచీ వాడు నేను ఫోను మాట్లాడేటప్పుడల్లా తల ఎత్తి చూస్తున్నాడు. లేక నాకే అలా అనిపిస్తోందా? ఒకనాడు ఆ గొంతు ఎవరిదో వాడికి తడుతుంది. అది తెలిసే రాస్తున్నానా? పట్టుబడతానన్న భయానికి పశ్చాత్తాపం అని పేరు పెట్టుకుంటున్నానా? నిజంగా నాకు తెలియదు. మనసు మంచిదైతే ఆ ఆదివారమే లేచి ఉండేవాణ్ణి.

భయంతోనే అయినా సరే, ఇది రాసి తీరాలి. ఏలియా తాగలేదు. వాడు పిరికివాడు కాదు, అమ్ముడుపోలేదు, తల్లికిచ్చిన మాట తప్పలేదు. వాడు తలుపు కొట్టాడు. నేను విన్నాను. తీయలేదు.

రాశాక ఊపిరి కొంచెం ఆడుతోంది. ఆ మాత్రం సుఖం కూడా నాకు దక్కకూడదేమో. ఈ మాట వాడి ముందు అనగలనో లేదో ఇంకా తెలియదు. గోడౌను తాళంచెవి వాడి దగ్గరే ఉంటుంది. రేపు పొద్దున నేను వెళ్లేసరికి, రోజూలాగే, చప్పుడు చేయకముందే వాడు నాకు తలుపు తీస్తాడు.