నేను హంతకుణ్ణి చేసిన తాత

మొన్న ఆదివారం మా చెల్లెలి మనవరాలు ఎల్బీనగర్‌లో మా ఫ్లాటుకొచ్చి, వెళ్తూ వెళ్తూ ఒక పుస్తకం నా ఒళ్ళో పడేసి పోయింది. పాతకాలపు కోట, వరసగా మాయమయ్యే పిల్లలు, నేలమాళిగలో ఎముకలు, ఇదంతా పన్నెండేళ్ళ పిల్లల కోసమేనట. ఒక్క పూటలో చదివేశాను, చదివిన దగ్గర్నుంచి నాకు కుదురు లేదు. కాఫీ కలుపుకుని తాగడం మరిచిపోతున్నాను, టీవీ పెట్టి కట్టేస్తున్నాను, నిన్నయితే పనీ పాటా లేకుండా మెట్రో ఎక్కి దిల్‌సుఖ్‌నగర్‌లో దిగి, ఆ జనంలో కాసేపు నిలబడి తిరిగొచ్చాను. నా ఈడు వాళ్ళకైతే అర్థమవుతుందని చెబుతున్నాను, అలాంటి కథ ఒకటి నేనూ రాశాను.

నలభై ఏళ్ళు దాటిపోయింది. కృష్ణా జిల్లా నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చిన్న బడిలో టీచరుగా చేరిన కొత్తలో, నల్లగొండ వాళ్ళ ఇంట్లో ఒక గదీ వంటిల్లూ కిరాయికి తీసుకున్నాను. ఓనరమ్మ మామగారిని గల్లీ అంతా తాత అనే పిలిచేది, నేనూ అంతే. నిజాం జమానాలో పాతబస్తీలో ఒక నవాబుగారి దేవిడీకి, అదే పెద్ద మహలుకి, దర్వాజా దగ్గర కాపలా ఉండేవాడట. ఆ దర్వాజా మూస్తుంటేనే ఎడమచేతి రెండు వేళ్ళు నలిగి పోయాయని నవ్వుతూ చెప్పేవాడు. ఉర్దూ అక్షరాలు కూడబలుక్కునేవాడు గానీ తెలుగు చదవడం రాదు. పొద్దున్నే గల్లీలోని ఏడెనిమిది మంది పిల్లల్ని వెంటేసుకుని విజయవాడ రోడ్డు దాటించి మా బడిలో వదలడం ఆయన తనంతట తాను పెట్టుకున్న పని. అప్పట్లో ఆ రోడ్డు మీద సిగ్నలూ లేదు, పాడూ లేదు, లారీలు ఊపిరి సలపనిచ్చేవి కావు. తాత కుడిచెయ్యి ఎత్తి నడిరోడ్డున నిలబడితే, ఎడమచేతికి మిగిలిన మూడు వేళ్ళు పట్టుకోవడానికి పిల్లలు పోట్లాడుకునేవారు.

సాయంత్రాలు ఆయన చెప్పే దేవిడీ ముచ్చట్లు నోరు తెరుచుకుని వినేదాన్ని. విని ఊరుకుంటే ఎంత బాగుండేది! ఒక పిల్లల మాసపత్రికకు సీరియల్ మొదలుపెట్టాను. దేవిడీలో తొమ్మిదేళ్ళ చిన్న నవాబు మాయమవుతాడు, రాతిమూత వేసిన పాతబావిలో శవమై దొరుకుతాడు. మూడో నెలకి హంతకుడికి ఒక ఆనవాలు కావలసి వచ్చింది, తలెత్తి చూస్తే ఎదురుగా తాత చెయ్యి కనబడింది. మూత వేసేటప్పుడు కాపలాదారు రెండు వేళ్ళు నలిగిపోయాయని రాసేశాను. అంతటితో ఆగానా, ఆయన దగ్గూ, నడకా, ‘బిడ్డా’ అనే పిలుపూ కూడా దించేశాను. భలే కుదిరిందని మురిసిపోయాను, సిగ్గులేనిదాన్ని.

ఆ పత్రిక మా బడిలో చేతులు మారి మారి నలిగిపోయేది. పిల్లలకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది. వారం తిరక్కుండా ఒక్కొక్కరే తాత చెయ్యి వదిలేసి, ఆయన బయటికి రాకముందే పరుగెత్తి ఆ రోడ్డు సొంతంగా దాటడం మొదలుపెట్టారు. ఒకనాడు లారీ బ్రేకు కీచుమన్న చప్పుడు క్లాసులోకి వినబడి, సుద్దముక్క పడేసి గేటు దగ్గరికి పరుగెత్తాను. దేవుడి దయ, ఎవరికీ ఏమీ కాలేదు. మర్నాటి నుంచి తాత వాళ్ళకి పదడుగులు వెనకగా నడిచేవాడు, ఎడమచెయ్యి కండువాలో చుట్టుకుని.

సంపాదకుడి దగ్గరకెళ్ళి ముగింపు మారుస్తానని బతిమాలాను, ఉత్తరాలు కట్టలుగా వస్తుంటే ఇప్పుడిదేం గొడవమ్మా అని విసుక్కుని ఆయన చివరికి ఒప్పుకున్నాడు. ఆఖరి భాగంలో దేవిడీ లెక్కలు చూసే దివానే దోషి అని తేల్చి, కాపలాదారు ఆ మూత పడకుండా అడ్డుపడబోయి వేళ్ళు పోగొట్టుకున్నాడని రాశాను. పత్రిక వచ్చిన రోజు గండం గడిచిందని సంబరపడ్డాను. ఓనరమ్మ కూతురు నా క్లాసులోనే ఐదు చదివేది, అది తల దించుకుని వచ్చి నిలబడింది. “మీరు మా ఇంట్లనే ఉంటున్రు గదా టీచర్, తాతకు భయపడి మార్చిన్రని అందరు అంటున్రు.” ఒక్కరూ నమ్మలేదన్నమాట.

ఆ సాయంత్రమే తాత పిలిచి కథ చదివి వినిపించమన్నాడు. ఆఖరి భాగం తీశాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

“గది కాదు బిడ్డా, మూడో నెలది చదువు. మనవరాలు చదువుకుంట చదువుకుంట ఏడ్చి నడుమనే ఆపింది.”

అంటే ఆయనకు ఎప్పుడో తెలుసు. తెలిసే రోజూ నన్ను బిడ్డా అని పిలుస్తున్నాడు. పారిపోదామనిపించింది, అయినా ప్రతి అక్షరమూ ఆయన ముఖం ముందే చదివాను, వేళ్ళ దగ్గర ఆగితే ఆయనే కానియ్యమన్నట్టు చూశాడు. అంతా విని, ఆ పిల్లవాడు చివరికైనా బతుకుతాడా అని అడిగాడు. లేదన్నాను. “పిలగాన్ని బతికియ్యకపోతివి” అన్నాడు. తిట్టినా బాగుండేది. క్షమించమని నేను అడగవలసింది, అడగలేదు, ఏడాది తిరిగేసరికి ఇల్లు మారిపోయాను. అప్పటికి ఇంకా చదవడం రాని చిన్నపిల్లలు కొందరు కొత్తగా బడిలో చేరి ఆయన చెయ్యి పట్టుకున్నారు, పెద్దవాళ్ళు మాత్రం మళ్ళీ పట్టుకోలేదు.

ఇప్పుడు ఆ రోడ్డు మీద మెట్రో పోతోంది, పిల్లలు బస్సుల్లో కూర్చుని బడికి పోతున్నారు. మా ఫ్లాట్ల కింద బెంచీ మీద కూర్చునే ముసలివాళ్ళం నలుగురం ఉన్నాం, మా పేర్లేమిటో, మేం ఎక్కడ ఏం చేసి వచ్చామో ఆ పిల్లలకు తెలియదు, మమ్మల్ని చూసి భయపడాలన్నా ఏదో ఒకటి తెలియాలి కదా. నన్ను హంతకురాలిగా రాసినా సరే, ఒక్క పిల్ల వచ్చి పక్కన కూర్చుని నా మాటలు వింటే బాగుండునని అనిపిస్తుంది. అంతలోనే తాత ముఖం గుర్తొచ్చి, అలా అనుకునే హక్కు నాకెక్కడిదని లేచి నడవడం మొదలుపెడతాను.