మాసి మగం నాటి పాలాడ

నాటు మందుల అంగడి ముందు నిలబడితే శొంఠి, వాము, పిప్పళ్ళ వాసనలన్నీ కలిసే వస్తాయిగాని, నా ముక్కు మాత్రం వసకొమ్మునే ముందు పట్టుకుంటుంది. మొన్న ఒర్లియంపేట బజారులో మిరియాల కోసం ఆగినప్పుడూ అంతే. ముప్పై ఏళ్ళనాటి మా ఇంటి నడవా, అందులో సానరాయి ముందేసుకుని కూర్చున్న మా అవ్వా కళ్ళముందుకొచ్చారు. మిరియాలు కొనకుండానే ఇంటికొచ్చేశాను.

మా తమ్ముడు బాలు దీపావళికి ముందు వారంలో పుట్టాడు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. బయట ముసురు, సందులో తడిసిన టపాకాయల వాసన, వంటింట్లో అవ్వ అరిసెలకు బెల్లం పాకం పట్టే వాసన, వీటి మధ్యలోకి నాన్న ఆస్పత్రినుంచి వచ్చి, పుట్టిన రెండోరోజే బిడ్డకు ఫిట్స్ వచ్చాయని చెప్పి గడపమీదే కూలబడ్డాడు. పాకం పొయ్యిమీదే ముదిరి రాయయింది. ఆ ఏడు మా ఇంట్లో అరిసెలు లేవు, నేను దానికీ ఏడ్చాను.

ముక్కులో గొట్టంతో ఇరవైరోజులుండి వాడు ఇంటికొచ్చాడు. ఫిట్స్ ఆగాయిగాని రొమ్ము పట్టి చీకడం చేతకాలేదు. చీకితే మింగలేడు, మింగితే ఊపిరి తీసుకోలేడు. తల ఎత్తి పట్టుకుని కొంచెం కొంచెంగా పట్టాలనీ, మింగాకే ఇంకో చుక్క పొయ్యాలనీ, నడకా మాటా ఎలా వస్తాయన్నది పెరిగితేగాని తెలియదనీ డాక్టరమ్మ చెప్పింది. అమ్మ పాలు పిండి, మేము పాలాడ అనే ముక్కున్న వెండి ఉగ్గుగిన్నెలో పోసి పట్టేది. అంత చిన్న గిన్నె ఖాళీ కావడానికి గంట పట్టేది. ఆ గంటంతా నేను పక్కన తువ్వాలు పట్టుకుని కూర్చోవాలి. వీధిలో తొక్కుడుబిళ్ళ ఆడే పిల్లల కేకలు వింటూ, వీడెందుకు పుట్టాడా అని నిజంగానే అనుకున్నాను.

అవ్వ నమ్మకం అవ్వది. పొద్దున్నే వసకొమ్మును ఆముదం దీపం మీద కాల్చి, సానరాయి మీద రెండు చుట్లు అరగదీసి, చిటికెనవేలితో బాలు నాలుకకు రాసేది. మా ఇంట్లో దాన్ని వసంబు అనేవాళ్ళం. "నోరు తిరగాల గదా బిడ్డకు, లేకుంటే మాటలు యాడనుంచి వస్తాయి?" అనేది. అమ్మకు ఇష్టం లేదు, అయినా అత్తగారికి ఎదురుచెప్పలేక ఊరుకునేది.

వాడికి నాలుగో నెలలో మాసి మగం వచ్చింది. చుట్టుపక్కల ఊళ్ళ దేవుళ్ళందరినీ సముద్రస్నానానికి ఊరేగించుకుని వచ్చే రోజు అది. పొద్దుటినుంచీ నాదస్వరాలు, డప్పులు, దారిపొడుగునా మజ్జిగ పందిళ్ళు, సుండల్ అనే గుగ్గిళ్ళ గంపలు, ఇసుకలో దేవుడి పల్లకీల వెంట పరుగులు. నేను పట్టుపావడా కట్టుకుని తయారయ్యాను. అమ్మ పాలాడ నింపి, బాలును నా ఒళ్ళో ఆనించి, "నిదానంగా తాపు పాపా, నేను తల మింద నీళ్ళు పోసుకోని వస్తా. వీని పాలయినాకనే పోయేది" అని వెళ్ళింది. అవ్వ పెరట్లో పూలు కోస్తోంది.

డప్పుల చప్పుడు వీధి మలుపు దాకా వచ్చేసింది. ఎత్తి పట్టుకుంటే వాడు మెల్లగా మింగుతాడని, కాళ్ళు చాపి వాటిమీద వెల్లకిలా పడుకోబెట్టి, సగానికి పైగా ఉన్న పాలను ఒక్కసారిగా వంచేశాను. వాడు దగ్గలేదు, ఏడవలేదు. పెదాలు నీలంగా మారాయి. నేను కేక పెట్టేముందు, పాలు అంతలోనే అయిపోయాయని తెలియకుండా ఖాళీ పాలాడను పక్కన బోర్లించాను. అంత భయంలోనూ ఆ పని ఎలా చేయగలిగానో నాకిప్పటికీ అర్థం కాదు.

పాలు ఊపిరితిత్తుల్లోకి పోయాయన్నారు. మళ్ళీ ఆస్పత్రి, మళ్ళీ గొట్టం. "ఏంది తాపినారు బిడ్డకు?" అని అక్కడి నర్సమ్మ గద్దించగానే, అమ్మ ఏడుస్తూ వసంబు సంగతి, దానికి నాలుక మొద్దుబారి పాలు మింగలేకపోయాడేమోనన్న అనుమానం చెప్పింది. అవ్వ కాదనలేదు. పొద్దున రాసింది నిజమే కాబట్టి తనవల్లే అనుకుంది. "అత్తా, ఇంక మీరు వానికి ఏమీ పెట్టొద్దు" అని అమ్మ చేతులు జోడించింది. నేను పట్టుపావడాలోనే గోడకానుకుని నిలబడి అంతా విన్నాను. నోరు విప్పలేదు.

బాలు మూడేళ్ళకు నడిచాడు, అయిదేళ్ళకు మాట్లాడాడు. అవ్వ సానరాయిని ఆస్పత్రినుంచి వచ్చిన రోజే అటకెక్కించింది. వాడు పప్పన్నం గిన్నె పట్టుకుని అవ్వ దగ్గరికే వెళ్ళి నోరు తెరిచేవాడు. ఆమె చేతులు వెనక్కి దాచుకునేది. "అమ్మను అడుగు నాయనా, నా చెయ్యి మంచిది కాదు" అనేది. ఆ మాట విన్నప్పుడల్లా ఈరోజు చెప్పేయాలనుకునేదాన్ని. వాడికి పదేళ్ళప్పుడు అవ్వ పోయింది. వాడికి ఆమె ఒక్క ముద్దా పెట్టలేదు.

మాటా నడకా ఆలస్యం కావడం పుట్టినప్పటి ఫిట్స్‌వల్లేననీ, ఒక్కసారి పొలమారినందుకు కాదనీ చాలా ఏళ్ళ తర్వాత ఒక డాక్టరు చెప్పాడు. నాకు ఊరట కలగాలి. కలగలేదు, ఎందుకంటే నేను తమ్ముడికంటే అవ్వకే ఎక్కువ అన్యాయం చేశాను.

మొన్న మిరియాలు లేకుండా తిరిగొచ్చిన రోజు బాలుకు అంతా చెప్పేశాను. నాన్న స్టీలు పాత్రల అంగడిని ఇప్పుడు వాడే చూసుకుంటున్నాడు. అంగడి మూసి అన్నానికొచ్చాడు. ఇప్పటికీ ఒక్కో గుక్కా తాగి, మింగి, కాస్త ఆగి, ఆ తర్వాతే ఇంకో గుక్క తాగుతాడు. మాట కూడా అంతే, కూడదీసుకుని వస్తుంది. నేను చెప్పిందంతా విని, గ్లాసు కింద పెట్టాడు. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"అవ్వకు... చెప్పినావా అక్కా?" అన్నాడు.

ఇల్లు మారేటప్పుడు సానరాయి ఎటుపోయిందో తెలియదు, పాలాడ కరిగించి పట్టీలు చేయించారు, ఆ నడవా లేదు. లేదురా, చెప్పలేదు అన్నాను. వాడు తల దించుకుని, గ్లాసులో మిగిలిన నీళ్ళు తాగకుండానే లేచాడు.