బి బ్లాకులో నేను చేసిన భోజన ప్రార్థన

నిక్షేపంలా బతికున్న మనిషి ఎదుట, ఆయన పుట్టినరోజు నాడే, ఆయన భార్యను విధవరాలిని చేసి, ఆ సంగతి దేవుడికి కూడా విన్నవించిన ఘనుణ్ణి మీరెక్కడైనా చూశారా? చూడకపోతే నమస్కారమండి, అది నేనే. ఆ ఘోరం ఎలా జరిగిందో దాచకుండా చెబుతాను. మీరు నవ్వితే నేనేమీ అనుకోను, మా చర్చి సంఘంవాళ్ళు నవ్వి నవ్వి నన్ను ఎప్పుడో అలవాటు చేశారు.

అప్పట్లో నేను మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టర్‌ని. ఎదుటివాళ్ళ తప్పులు పట్టుకోవడమే నా ఉద్యోగం. సొంత తప్పులు ఆ ఉద్యోగంలోకి రావు. ఉండేది చందానగర్‌లో, చర్చి బోరబండలో. రెండు చోట్లా నా చికెన్ పులావు గురించి నేను చెప్పుకోని రోజు లేదు.

మా సంఘంలో సుగుణమ్మ గారని రిటైరైన నర్సు ఉన్నారు. భర్త పోయాక కొండాపూర్‌లో పెద్ద అపార్ట్‌మెంటుకు అద్దెకు మారారు. నేను చర్చిలో చేరేసరికే ఆవిడ రావడం తగ్గించారు కాబట్టి ఆవిడను నేను చూసి ఎరగను. భర్త పోయిన తర్వాత మొదటిసారి ఇంట్లో ప్రార్థన కూటం పెట్టుకున్నారు. తీరా ఆ వారమే కాలు జారి చెయ్యి విరిగింది. కూటం మానుకుందామని పాస్టర్ గారంటే ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుని, "మా ఆయన ఉండగా మా గడప ఎవరూ ఆకలితో దిగలేదండి. ఆయన పోయాడని దేవుడు కూడా వెళ్ళిపోయాడా?" అన్నారట. పాస్టర్ గారు చర్చిలో ఆ మాట చెప్పగా విని నేను లేచి నిలబడి, వంట సంగతి నాకు వదిలేయమన్నాను. పాస్టర్ గారు అడ్రసు చెబుతుంటే 904 దాకా విని, మిగతాదానికి తల ఊపాను.

ఆదివారం సాయంత్రం పెద్ద గిన్నెడు పులావుతో, ట్రాఫిక్‌లో ఆలస్యమై, ఆ అపార్ట్‌మెంటు గేటు దగ్గర దిగాను. సెక్యూరిటీ అతను ఏ బ్లాకని అడిగాడు. 904 అన్నాను.

"904 అన్ని బ్లాకులల్ల ఉంటది అన్నా. జర యాది చేసుకో."

నాకు ఒళ్ళు మండింది. ఏ 904 వాళ్ళు భోజనం కోసం ఎదురు చూస్తున్నారో ఫోన్ చేసి కనుక్కోమని సలహా ఇచ్చాను. అతను చేశాడు. బి బ్లాకు వాళ్ళు వెంటనే పంపమన్నారు. తెలివి ఉన్నవాడికి అడ్రసుతో పనేమిటని మురిసిపోతూ లిఫ్టెక్కాను.

గుమ్మానికి మామిడి తోరణం ఉంది. అద్దె ఇల్లు కదా, ముందున్నవాళ్ళు కట్టి ఉంటారనుకున్నాను. ఆ ఆకులు పచ్చగా ఉన్నాయన్నది ఇప్పుడు గుర్తొస్తోంది. ఒక పెద్దావిడ తలుపు తీశారు. "వందనాలండి" అన్నాను. ఆవిడ సంతోషపడి, ఆ బరువు గిన్నెను రెండు చేతులా అందుకున్నారు. చెయ్యి అప్పుడే బాగైపోయిందని లోలోపల దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాను. చూశారా నా విశ్వాసం.

హాలు నిండా జనం. బైబిలు ఎవరి చేతిలోనూ లేదు. నేను ఆలస్యంగా వచ్చాను కదా, వాక్యం అయిపోయి ఉంటుంది. ఒకాయన నన్ను వడ్డించమన్నారు. ముందు ప్రార్థన చేసుకుందామా అని అడిగాను. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పెద్దావిడ మర్యాదగా, "కానీలే నాయనా" అన్నారు. కళ్ళు మూసుకున్నాను.

కాసేపట్లో ఆపి ఉంటే ఈ కథే లేదు. నేనెప్పుడు ఆపాను గనక. పులావు కోసం, బియ్యం పండించినవాళ్ళ కోసం, కోళ్ళు పెంచినవాళ్ళ కోసం స్తోత్రం చెప్పి, చివరికి గొంతు బరువు చేసుకుని, "ప్రభువా, భర్తను పోగొట్టుకుని ఒంటరిగా మిగిలిన ఈ తల్లిని ఆదరించు. ఆయన లేని లోటు నువ్వే తీర్చు" అన్నాను.

ఆమెన్ ఎవరూ అనలేదు. కళ్ళు తెరిచాను. పెద్దావిడ పక్కన తెల్ల మీసాలాయన ప్లేటు పట్టుకుని నన్నే చూస్తున్నారు.

"నాయనా," అన్నారాయన, "నేనింకా బతికే ఉండా. ఈ పొద్దు నా పుట్టినరోజు."

నేల చీలితే బాగుండుననిపించింది గాని, తొమ్మిదో అంతస్తులో నేల చీలినా ఎనిమిదో అంతస్తువాళ్ళ ఇంట్లో పడతాను. ఇది సుగుణమ్మ గారి ఇల్లు కాదా అని నీళ్ళు నమిలాను. ఆయన రామచంద్రారెడ్డి గారట, కడప వైపువారు. క్యాటరింగ్‌వాళ్ళకు చెబితే నేను ఊడిపడ్డాను. ప్రార్థన క్యాటరింగ్‌వాళ్ళ ఆనవాయితీ అనుకున్నారట.

ఫోన్ తీస్తే పాస్టర్ గారి మిస్డ్ కాల్స్, 'సి బ్లాకు 904, ఎక్కడున్నావు' అని మెసేజీ. పొద్దున ఆరాధనలో సైలెంట్‌లో పెట్టి మరిచాను. సి బ్లాకులో ఆ తల్లి ఖాళీ వంటింట్లో నిలబడి ఉంటుందని తలచుకుంటే ఏడుపొచ్చింది. ఆ మాటే చెప్పి పరుగెత్తాను.

సి బ్లాకు తలుపు తోసేసరికి జనం బగారన్నం, మటన్ కూర తింటున్నారు. "వచ్చాడండి మన వంటవాడు. ఇంత చేశావేంటయ్యా" అని పాస్టర్ గారు నా వీపు తట్టారు. సంగతేమిటంటే, నా వెనకే వచ్చిన అసలు క్యాటరింగ్ మనుషుల్ని, బి బ్లాకుకు భోజనం వెళ్ళిపోయింది కదా అని, ఇంకే 904 వాళ్ళు ఎదురు చూస్తున్నారో మళ్ళీ ఫోన్ చేసి కనుక్కుని, సెక్యూరిటీ అతను ఇక్కడికి పంపాడు. చేతికి కట్టుతో ఉన్న సుగుణమ్మ గారు నా చెయ్యి పట్టుకున్నారు. "ఇక అందరినీ పంపించేద్దామన్నారు బాబూ. ఒక్కసారి ప్రార్థన చేద్దామన్నాను. ఆమెన్ అన్నాం, బెల్లు మోగింది" అన్నారు. ఆ కూర ఎవరిదో చెబుదామని నోరు తెరిచాను.

చెప్పాల్సిన పని లేకపోయింది. వెనకే రామచంద్రారెడ్డి గారు, సెక్యూరిటీ అతన్ని అడిగి సంగతి తెలుసుకుని, కుటుంబమంతటితో, నా పులావు గిన్నెతో సహా దిగారు. మా తిండి మీరు తిన్నారు, మీ తిండి మేమొక్కరమే ఎట్లా తింటామని ఆయన నేలమీదే బాసింపట్టు వేసుకు కూర్చున్నారు. కుర్చీలు చాల్లేదు, ప్లేట్లు చాల్లేదు. సుగుణమ్మ గారు ఒంటిచేత్తో ఆయన ప్లేటులో పులావు కొసరి కొసరి వేస్తూ నవ్వుతున్నారు. ఆ రోజు ఆ హాల్లో దేవుడున్నాడండి. మాతోపాటు కింద కూర్చుని తిన్నాడు. ఈ మాట మాత్రం నవ్వులాటకు చెప్పడం లేదు.

వెళ్ళేటప్పుడు రెడ్డి గారు నా భుజం మీద చెయ్యి వేసి, "వచ్చే పుట్టినరోజుకూ నువ్వే రావాల. ప్రార్థనా నువ్వే చేయాల. కాకపోతే నాయనా, ముందు నా నాడి చూసి మొదలుపెట్టు" అన్నారు.

కాబట్టి పెద్దలారా, మీ అందరి ఎదుటా ఒట్టు వేస్తున్నాను. ఇకమీదట ఏ ఇంటి ఇల్లాలికైనా భర్త లేడని దేవుడికి చెప్పేముందు, ఆ మాట భర్తగారినే అడిగి రూఢి చేసుకుంటాను.